రజియాను గుర్రమెక్కించిన చేయి

1924లో హైదరాబాదులో ‘రజియా బేగం’ అనే మూకీ ఆడింది. ఢిల్లీ సింహాసనం ఎక్కిన స్త్రీ తన ఏలుబడిలోని మనిషిని ప్రేమించిన కథ అది. ఆ బొమ్మను నగరంలో ఆడించిన ధీరేంద్రనాథ్ గంగూలీని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రాజ్యం విడిచి పొమ్మన్నాడు. నిజాం ఆదరణతోనే రెండేళ్ల ముందు గంగూలీ మొదలుపెట్టిన లోటస్ ఫిల్మ్ కంపెనీ కథ అక్కడితో ముగిసింది.

ఈ ఉదంతానికి సాధారణంగా వినిపించే వివరణ ఒక్కటే: రాణి ముస్లిం, ప్రియుడు హిందువు, అందుకే గొడవ. దీనికి జోడుగా మరో అభిప్రాయం పాతుకుపోయింది. మూకీలంటే పురాణాలేననీ, మాటా పాటా లేని బొమ్మ ప్రేమను చెప్పలేదనీ, అంతస్తులు దాటిన ప్రేమ తెలుగువాళ్లకు 1938 నాటి ‘మాలపిల్ల’తోనే తెర మీదికి వచ్చిందనీ అంటారు. మొదటి వివరణ సగం నిజం. రెండో అభిప్రాయం పూర్తిగా తప్పు.

రజియా చరిత్రనే చూడాలి. ఇల్తుత్‌మిష్ కూతురు రజియా 1236లో గద్దెనెక్కింది. జమాలుద్దీన్ యాకూత్ అనే హబ్షీని, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాణ్ణి, రాజాశ్వశాలకు అధికారిగా చేసింది. అతను ముస్లిమే. ఆమె మీద తిరగబడిన తురుష్క అమీర్లూ ముస్లింలే. తమ చేతుల్లో ఉండవలసిన పదవి ఒక నల్లజాతి మనిషికి, బానిస మూలం ఉన్నవాడికి దక్కడం వాళ్లకు కంటగింపయింది. 1240లో యాకూత్‌ను చంపారు, రజియాను బందీ చేశారు. ఆ ఏడే ఆమె కూడా హతమైంది. ఈ మొత్తం కథలో హిందూ ముస్లిం తగాదా ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలన్న పట్టింపే. సినిమాలో ప్రియుడు హిందువని సినిమా చరిత్రకారులు రాశారు. అయినా ఆ ప్రియుణ్ణి వాళ్లు రాణి ప్రజల్లో ఒకడిగానే చెప్పారు. మతం మాట గుర్తుండి, ‘ప్రజల్లో ఒకడు’ అన్న మాట జారిపోవడం వల్లే ఈ కథ తప్పుగా అర్థమవుతోంది.

యాకూత్ కథ వినగానే వనపర్తికి గుర్తు రావలసిన సంగతి ఒకటుంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు కొలువులో సిద్దీల ఆశ్విక దళం ఉండేది. సిద్దీలన్నా హబ్షీలన్నా ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లే. ఆ దళం తర్వాత నిజాం సైన్యంలో చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు వాళ్లవల్లే వచ్చింది. అంటే ‘రజియా బేగం’ ఆడిన నగరంలో యాకూత్ వంటివాళ్లు కొలువులో గుర్రాల మీదే ఉన్నారు. ఏలికకు అంగరక్షకులుగా, ఊరేగింపుకు శోభగా వాళ్లకు స్థానముంది. రాణి పక్కన ప్రియుడిగా అలాంటివాణ్ణి ఊహించడం మాత్రం ఏ కొలువూ ఓర్చుకునే విషయం కాదు.

నిజాం రాజ్యం మెట్లమీద కట్టిన ఇల్లు. పైన నిజాం, ఆయన కింద పైగా నవాబులు, ఆ తర్వాత వనపర్తి, గద్వాల వంటి సంస్థానాలు, వాటి కింద దేశ్‌ముఖులు, అట్టడుగున వెట్టి చేసే జనం. ఈ వరుసలో హిందువులూ ముస్లింలూ కలిసే ఉన్నారు. లోటస్ కంపెనీ ఇంద్రజిత్తు కథా, హరగౌరుల కథా తీస్తే దర్బారుకు అభ్యంతరం కలగలేదు. కాబట్టి మతం ఒక్కటే కారణమంటే సరిపోదు. సింహాసనం మీది మనిషి మెట్టు దిగి రావడం తెర మీద కళ్లారా కనిపించింది. ఈ వ్యాసం దృష్టిలో అసలు ముల్లు అదే.

ఇక మూకీ ప్రేమను చెప్పలేదన్న వాదన. రజియా మీద తర్వాతి కాలపు చరిత్రకారులు మోపిన నింద ఏమిటో గమనిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. సమకాలికుడైన మిన్హాజ్ యాకూత్‌కు దక్కిన ఆదరణ గురించి మాత్రమే రాశాడు. శతాబ్దాల తర్వాతివాళ్లు మాత్రం, ఆమె గుర్రమెక్కేటప్పుడు అతను చంకల కింద చేతులు వేసి లేపేవాడని రాశారు. వాళ్లకు ప్రేమలేఖ అక్కర్లేకపోయింది, సంభాషణ అక్కర్లేకపోయింది. ఒక చేయి చాలింది. అంతస్తు దాటిన ప్రేమ లోకానికి మొదట పట్టుబడేది ఇలాగే, శరీరంలో. ఎవరు ఎవరిని తాకారు, ఎవరి ఎదుట ఎవరు కూర్చున్నారు, ఎవరి కళ్లు కిందికి వాలలేదు అన్నవే సాక్ష్యాలు. ఇవన్నీ కంటికి కనిపించేవి. మూకీకి ఇంతకంటే తగిన వస్తువు మరొకటి లేదు.

ఆ శరీర భాష చదవడం వనపర్తి ఉన్న పాలమూరు జనానికి కొత్త కాదు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లు, భుజం మీది తువ్వాలను తీసి నడుముకు చుట్టుకున్నవాళ్లు, గడపకు ఎంత దూరంలో నిలబడాలో పసితనంలోనే నేర్చుకున్నవాళ్లు వాళ్లు. తెర మీద ఒక సేవకుడు రాణికి ఒక అడుగు దగ్గరగా నిలబడితే ఆ అడుగు విలువ వాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. చదువు రాని ప్రేక్షకుడికి మూకీ అందదనడం ఆ ప్రేక్షకుడి అనుభవాన్ని తక్కువ చేయడమే. పైగా నిజాం రాజ్యంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం నాలుగూ ఇంటి భాషలు. ఒకే బొమ్మ నలుగురికీ ఒకేలా అందిన కాలం మూకీలదే. 1931 మార్చి 14న ‘ఆలం ఆరా’తో మాట వచ్చాక ప్రేక్షకులు భాషలవారీగా విడిపోయారు.

మిగిలిన సినిమాలు కూడా ఈ సంగతికి సాక్ష్యమిస్తాయి. మన దేశంలో తీసిన వెయ్యికి పైగా మూకీలలో చాలా భాగం నశించాయి. నిలిచిన కొద్దిపాటి వాటిలో హిమాంశు రాయ్ నిర్మించగా ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వం వహించిన రెండు చిత్రాలు సరిగ్గా ఈ వస్తువు మీదివే. 1928 నాటి ‘షిరాజ్’లో ఒక కుమ్మరి కొడుకు తనతోపాటు పెరిగిన అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమెను బానిసగా అమ్మేస్తారు, యువరాజు అంతఃపురానికి చేరుతుంది. ఆమె వెంటే వచ్చిన కుమ్మరి బిడ్డ కోట గోడల బయట మిగిలిపోతాడు. 1929 నాటి ‘ప్రపంచ పాశ్’లో ఒక ముని కూతురి కోసం ఇద్దరు రాజులు పోటీ పడతారు. రెండింటిలోనూ దర్శకుడు దూరాన్ని మాటలతో కాక గోడలతో, ద్వారాలతో, జనం గుంపుతో చూపాడు. దేశం బయట ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. మాట్లాడే బొమ్మలు వచ్చేసిన 1931లో చార్లీ చాప్లిన్ ‘సిటీ లైట్స్’ను కావాలనే మాటల్లేకుండా విడుదల చేశాడు. చూపు వచ్చిన పూలమ్మాయి తనకు మేలు చేసిన నిరుపేదను గుర్తుపట్టేది అతని చేతిని తాకినప్పుడే. అక్కడ ఒక్క డైలాగు పలికినా ఆ సన్నివేశం చెడిపోయేది.

పురాణాలు వేరు, వర్గభేదం వేరు అనే విభజన కూడా నిలవదు. లోటస్ కంపెనీ హైదరాబాదులో తీసిన వాటిలో ‘యయాతి’, ‘చింతామణి’ ఉన్నాయి. శర్మిష్ఠ రాచబిడ్డగా పుట్టి దేవయానికి దాసిగా బతికింది, యయాతి మనసు ఆ దాసి మీదికే పోయింది. చింతామణి వేశ్య, బిల్వమంగళుడు ఆమె కోసం అన్నీ పోగొట్టుకున్నవాడు. యజమానురాలు, దాసి, వేశ్య, కులీనుడు అన్న తేడాలు తీసేస్తే ఆ కథల్లో మిగిలేదేమీ లేదు.

అనార్కలి సంగతీ అంతే. యువరాజును ప్రేమించిన దాసి కథ తెలుగువాళ్లకు 1955లో అంజలీదేవి, అక్కినేనిల చిత్రంతో, దాని పాటలతో గుర్తుంది. 1928లోనే అది రెండు మూకీలుగా వచ్చింది. వాటిలో ఒకదానిలో అనార్కలిగా నటించిన సులోచన, 1935 టాకీలోనూ అదే పాత్ర వేసింది.

‘మాలపిల్ల’ గొప్పదనాన్ని కాదనవలసిన పని లేదు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో, చలం కథతో, కాంచనమాల నటనతో వచ్చిన ఆ చిత్రం అస్పృశ్యతను పేరు పెట్టి నిలదీసింది. పురాణం చాటు లేకుండా, నేటి ఊళ్లో నేటి కులాన్ని చూపడం మూకీలు అంతగా చేయని పని. ఆ ఘనత దానిదే. అయితే వాదన గెలిపించే ప్రేమకథ వేరు, దూరాన్ని కంటికి కట్టించే ప్రేమకథ వేరు. రెండోదాన్ని మొదటిదానికి ముందు మెట్టుగా, మాటలు రాని పసితనంగా లెక్కగట్టడం వల్ల మూకీని చూసే కన్ను తెలుగు విమర్శలో ఏర్పడలేదు.

దీన్ని సరిచేయడానికి అవకాశాలు ఇప్పుడున్నాయి. ‘షిరాజ్’, ‘ప్రపంచ పాశ్’ రెండింటినీ బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పునరుద్ధరించి, కొత్త సంగీతంతో మళ్లీ విడుదల చేసింది. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. ఒకప్పుడు ఎవరెవరు ఎంతవరకు రావచ్చో లెక్క ఉన్న ఆ ఆవరణలో ఇప్పుడు అన్ని ఊళ్ల, అన్ని కులాల పిల్లలు చదువుకుంటున్నారు. అక్కడ ఒక సాయంత్రం తెర కట్టి, జిల్లాలోని డప్పు, హార్మోనియం కళాకారులను పక్కన కూర్చోబెట్టి, ‘షిరాజ్’ను ఆ పిల్లలకు చూపాలి.