టెస్ట్3 అంటే ఏంటి?

మా మినీ ప్రాజెక్ట్ డెమోకి ముందు రాత్రి. హాజరు లెక్కపెట్టే చిన్న యాప్. రన్ చేస్తే స్క్రీన్ మీద ఎర్రగా ఒక్క లైన్: టెస్ట్3 ఫెయిల్. అది దేని గురించో టీమ్‌లో ఎవరికీ తెలీదు. రాసింది నేనే, నెల కింద. నాకే గుర్తులేదు.

ఫైల్ తెరిస్తే మూడే లైన్లు, మస్తు నీట్‌గా ఉన్నయి. అంకెలన్నీ వేరే ఫైల్‌లోని హెల్పర్ ఫంక్షన్‌లో దాచిపెట్టా. గంట వెతికితే దొరికింది: 40 క్లాసుల్లో 30కి వచ్చినవాడు, అంటే సరిగ్గా 75 శాతం ఉన్నవాడు, పరీక్ష రాయొచ్చు. కోడ్‌లో మాత్రం ‘75 కంటే ఎక్కువ’ ఉంటేనే అని మారిపోయింది. పోయింది ఒక్క ‘ఈక్వల్ టు’ గుర్తు. ఆ టెస్టే లేకపోతే అంచున ఉన్నవాడికి హాల్‌టికెట్ రాదని చూపించే యాప్‌తో డెమోకి వెళ్లేవాళ్లం.

‘రాసిందే మళ్లీ రాయొద్దు’ అనే రూల్‌ని టెస్టుల్లోకి గుడ్డిగా తేవద్దని అప్పుడే అనిపించింది. కోడ్‌ని టెస్ట్ చూసుకుంటుంది, మరి టెస్ట్‌ని? దానికి ఇంకో టెస్ట్ ఎవరూ రాయరు. మనిషి చదివి ‘ఆ, కరెక్టే’ అనుకోవాలి, అంతే. కాబట్టి 40, 30 అనే అంకెలు టెస్ట్‌లోనే కనబడాలి. పది టెస్టుల్లో పదిసార్లు రాయాల్సి వచ్చినా సరే. హెల్పర్ వద్దని కాదు. ఈ లెక్కతో పనిలేని పేరు, రోల్ నంబర్ లాంటివి అందులో పెట్టుకోవచ్చు.

పేరు కూడా వాక్యంలా ఉండాలి: ‘హాజరు_సరిగ్గా_75_అయితే_పరీక్షకు_అనుమతి’. పొడుగైతే ఏంటి? దాన్ని ఇంకెక్కడా పిలవం, ఫెయిలైనప్పుడు చదువుతాం. పైథాన్ 3లో ఇలా తెలుగులోనే రాయొచ్చు. జేయూనిట్ 5లో అయితే డిస్‌ప్లే‌నేమ్‌లో స్పేస్‌లతో సహా పూర్తి వాక్యమే పెట్టొచ్చు.

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్ యాప్‌లను క్రాష్ చేసింది గుర్తుందా? ఆ అక్షరాల వరుసలో కంటికి కనబడని యూనికోడ్ గుర్తు ఒకటి ఉండేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది. అలాంటి బగ్‌కి మనం టెస్ట్ రాసి ‘టెస్ట్17’ అని పేరు పెట్టామనుకోండి. తెలుగు రాని డెవలపర్ చూసి ఇదేదో పిచ్చి గీత అనుకుని తీసేస్తాడు. ‘జ్ఞా చూపిస్తే యాప్ ఆగిపోకూడదు’ అని ఆయనకి అర్థమయ్యే భాషలో రాసి ఉంటే ముట్టుకోడు.

ఇంతకీ మా టెస్ట్3కి ఆ రాత్రే పేరు మార్చా. మీ ప్రాజెక్టుల్లో ఎన్ని టెస్ట్3లు ఉన్నాయో ఓసారి చూసుకోండి, డెమో ముందు రాత్రి దాకా ఆగకుండా.