పై పైపు మోసేదెంత?

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో ఎండలు ముదిరాక తరచుగా వినపడే మాట ఒకటుంది: "మోటారు బోరులో పడిపోయింది." విన్నవాళ్లు ఎందుకు పడిందని అడగరు. కొత్త మోటారు ఎంతవుతుంది, ఆ బోరు ఇంక పనికొస్తుందా అనే అడుగుతారు. పడిపోవడం మాత్రం రైతు గ్రహచారం ఖాతాలోకి పోతుంది. నిజానికి ఒక చిన్న భాగహారం తెలిస్తే ఆ సంగతి ముందే చెప్పొచ్చు.

వెయ్యి అడుగుల బోరు అనుకుందాం. 20 అడుగుల జి.ఐ. పైపులు యాభై, ఒకదానికొకటి మర బిగించి దించుతారు. ఒకటిన్నర అంగుళం పైపు మీటరుకు మూడున్నర కిలోల పైనే తూగుతుంది. మొత్తం పైపుల బరువు 1,100 కిలోలు. లోపల నిండిన నీళ్లు మరో 400 కిలోలు. మోటారు, పంపు కలిసి వంద. అన్నీ కలిపితే 1,600 కిలోలు. అట్టడుగు పైపు మోటారును ఒక్కదాన్నే మోస్తుంది. అన్నిటికంటే పైనున్న పైపు మొత్తం గొలుసును మోస్తుంది. తెగేది కూడా చాలాసార్లు ఆ పైభాగంలోనే.

ఆ పైపును అడ్డంగా కోస్తే కనిపించే ఇనుప చుట్టు వైశాల్యం సుమారు 450 చదరపు మిల్లీమీటర్లు. 1,600ను దానితో భాగిస్తే ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద మూడున్నర కిలోలు పడుతున్నట్టు. దీన్నే ఇంజనీర్లు ప్రతిబలం అంటారు. అలాంటి పైపు ఉక్కు తెగడానికి కనీసం 32 కిలోలు కావాలి. 32ను మూడున్నరతో భాగిస్తే తొమ్మిది. పుస్తకాల్లోని ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ, అంటే భద్రతా గుణకం, ఇదే. తొమ్మిది రెట్లు బలముంది కదా, ఇంక భయమెందుకు?

ఎందుకంటే పైపు తెగేది నడుమ కాదు, మర దగ్గర. మర కోసిన చోట గోడ మందం సగానికి దిగుతుంది. అక్కడ ప్రతిబలం ఏడు కిలోలు, గుణకం నాలుగున్నర. నాలుగైదేళ్లు తడిలో నాని, మిగిలిన మందంలో సగం తుప్పు తినేస్తే ప్రతిబలం 14 కిలోలకు ఎక్కుతుంది, గుణకం రెండు చిల్లరకు దిగుతుంది. అప్పుడు మోటారు కాలిపోయింది, పైకి తీయాలి. అది మట్టిలో ఇరుక్కుంది. చైన్ బ్లాకుతో రెట్టింపు బలం పెట్టి గుంజితే మర మీద 28 కిలోలు. ఈ ఉక్కు దాదాపు 20 కిలోల దగ్గరే తిరిగి వెనక్కి రాకుండా సాగిపోతుంది. కాలర్ జారిపోయి చేతికి ఖాళీ పైపు వస్తుంది. తొమ్మిదితో మొదలైన లెక్క ఇట్లా ఒకటి దగ్గరికి వచ్చి ఆగింది.

సాగడానికీ లెక్కుంది. బరువు పెరిగిన కొద్దీ సాగుడు అదే పాళ్లలో పెరుగుతుందని 1678లో రాబర్ట్ హుక్ రాశాడు. ఆ సాగుడును అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది వికృతి. మన వెయ్యి అడుగుల పైపుల గొలుసు, నీళ్లు, మోటారు సహా మొత్తం బరువుకు అంగుళం పైచిలుకు సాగుతుంది. బరువు తీసేస్తే మళ్లీ తన పొడవుకు వచ్చేస్తుంది. హద్దు లోపల ఉన్నంతవరకే ఈ మర్యాద.

పక్కనే తిరుపతి జిల్లాలో, సూళ్లూరుపేట దాటి వెళితే శ్రీహరికోట. అక్కడి నుంచి ఎగిరే రాకెట్ల మీద మోజున్నవాళ్లకు ఒక సంగతి వింతగా తోచవచ్చు. మనుషులు ఎక్కని రాకెట్ల లోహ భాగాలకు ప్రపంచమంతటా వాడే భద్రతా గుణకం 1.25 చుట్టూనే ఉంటుంది. మనుషులు ఎక్కేదైతే 1.4. విమానాలకు 1.5. తిరుపతి లాడ్జీలో యాత్రికులను పై అంతస్తుకు తీసుకెళ్లే లిఫ్టు తాళ్లకు మాత్రం పది, పన్నెండు కావాలి. రాకెట్ కంటే లిఫ్టుకు అంత జాగ్రత్త ఎందుకు?

రాకెట్ ముక్క ఏ పోతలో పుట్టిందో, దాని అతుకులో బుడగ ఉందో లేదో, ఎంత ఒత్తిడికి పరీక్ష పెట్టారో కాగితం మీద ఉంటుంది. పైగా దాని పని నిమిషాల్లో అయిపోతుంది. లిఫ్టు తాడు ఏళ్ల తరబడి కప్పీ మీద వంగుతూ లేస్తూ ఉండాలి. ఆరుగురి లిఫ్టులో తొమ్మిదిమంది ఎక్కే రోజులుంటాయి. మనకు తెలియని సంగతులు ఎన్ని ఎక్కువుంటే గుణకం అంత పెద్దది కావాలి. అది మన తెలియనితనం కోసం కట్టి ఉంచిన డిపాజిట్టు. చిత్తూరు రోడ్ల మీద ఆ డిపాజిట్టును మిగులు సొమ్ము అనుకుని ఖర్చు పెడుతున్నారు.

మామిడి సీజన్లో చూడాలి ఈ ఖర్చు. 2025లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. అట్లా నిలబడి ఉన్నంతసేపూ కాయ చెడిపోవచ్చు కానీ ట్రాలీ ఇరుసుకు ఏమీ కాదు. కదలని బరువును మంచి ఉక్కు ఏళ్లయినా మోస్తుంది. దాన్ని తినేది అక్కడిదాకా వచ్చిన దారి. ప్రతి గుంతకూ ఒక కుదుపు, ప్రతి కుదుపుకూ ప్రతిబలం ఎక్కి దిగుతుంది. లక్షల సార్లు ఎక్కి దిగాక, వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు మొదలవుతుంది. 1842 మేలో ఫ్రాన్సులోని వెర్సాయ్ దగ్గర ఇంజను ఇరుసు విరిగి రైలు మంటల్లో చిక్కుకుంది, పదుల మంది చనిపోయారు. లోహం అలసిపోతుందన్న సంగతిని ఇంజనీర్లు పట్టించుకోవడం ఆ రోజుల్లోనే మొదలైంది. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను ఏళ్ల తరబడి తిప్పి తిప్పి, ఎంత ప్రతిబలానికి ఎన్ని తిప్పులో లెక్క కట్టాడు.

ఆ దారిలోనే వచ్చిన లెక్క ఒకటి ట్రాలీ యజమానులందరికీ తెలియాలి. వెల్డింగ్ అతుకు ఆయుష్షు ప్రతిబలం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. నాలుగు టన్నుల ట్రాలీలో అయిదు టన్నులు వేస్తే బరువు పావు వంతు పెరిగినట్టు. అతుకు ఆయుష్షు మాత్రం సగానికి పడిపోతుంది. ఆ రోజు ఏమీ విరగదు. మరుసటి రోజూ విరగదు. "ఇన్నాళ్లూ మోసింది కదా" అన్న ధైర్యం అక్కడే పుడుతుంది. మోసిన ప్రతి ట్రిప్పూ బలానికి రుజువు కాదు, ఆయుష్షులో ఖర్చు.

రైతును తప్పు పట్టి లాభం లేదు. బాడుగ ట్రిప్పుకింత అని ఉన్నప్పుడు, ధర లేని ఏడాది, నాలుగు ట్రిప్పులను మూడు చేయాలని ఎవరైనా చూస్తారు. వెల్డింగ్ షాపు యజమానిదీ అదే కష్టం. మందం రేకు, పెద్ద ఇరుసు వేస్తే ధర పెరుగుతుంది, గిరాకీ పక్క షాపుకు పోతుంది. తప్పు లెక్క లేకపోవడంలో ఉంది. ట్రాలీ వెనక తలుపు మీద దేవుడి పేరుకు, పిల్లల పేర్లకు, హారన్ మాటకు చోటుంటుంది. ఈ ఇరుసు ఎన్ని టన్నులు మోస్తుందన్న అంకె చాలా బండ్ల మీద కనపడదు.

హెచ్చరిక వస్తుందిలే అని కూర్చోవడానికీ లేదు. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. కూలేముందు పగుళ్లు విచ్చుకున్నాయి, జనాన్ని ముందే దూరంగా పంపారు. 494 ఏళ్ల గోపురం ఆమాత్రం గడువు ఇచ్చింది. అలసిన ఇరుసు గ్రీజు కింద, మట్టి కింద పగులును దాచుకుని, ఘాట్ మలుపులో ఒక్కసారిగా విరుగుతుంది. అందుకే రైల్వేవాళ్లు పైకి బాగున్న ఇరుసుకు కూడా గడువు ప్రకారం అల్ట్రాసోనిక్ పరీక్ష పెట్టి లోపలి పగుళ్లు వెతుకుతారు.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కాదు. ట్రాలీ, చైన్ బ్లాకు, బోరు మోటార్లు ఎత్తే స్టాండు, ప్రతిదాని మీదా మోయగల బరువును రేకు మీద కొట్టి అతికించడం తప్పనిసరి చేయాలి. అంకె వేసినవాడి షాపు పేరు కూడా దాని మీదే ఉండాలి. రెండోది చదువులవాళ్ల పని. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, చుట్టూ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. మెకానికల్, సివిల్ శాఖలు నడిపే కాలేజీల ల్యాబుల్లో ఉక్కు కడ్డీని లాగి తెంచే యూటీఎం యంత్రం ఉంటుంది. విద్యార్థులు ఏటా కొత్త కడ్డీలను తెంచి, రికార్డు రాసి, మార్కులు వేయించుకుంటారు.

నెలకొక రోజు ఆ ల్యాబు తలుపులు ఊరివాళ్లకు తెరవాలి. మోటారు తీసినప్పుడు పై పైపు నుంచి తుప్పు పట్టిన మర ముక్కను రెండడుగులు కోసి రైతు పట్టుకొస్తాడు. విద్యార్థి దాన్ని యంత్రానికి బిగిస్తాడు. ఎన్ని కిలోల దగ్గర తెగిందో తెర మీద కనపడుతుంది. మిగతా పైపులను మళ్లీ దించాలా, పాత ఇనుము కొట్టుకు వేయాలా అన్నది ఆ అంకె చూసుకుని రైతే తేల్చుకుంటాడు.