ఫైలు మంగళగిరికి, రోగి కేజీహెచ్‌కి

విశాఖపట్నంలో ఆసుపత్రులకు కొదవేమీ లేదు. స్టీల్‌ప్లాంటుకు ఉక్కునగరంలో ఒకటుంది, పోర్టుకు సాలగ్రామపురంలో గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి ఉంది. రైల్వేది రైల్వేకి, నేవీది నేవీకి. ఈఎస్‌ఐ కార్డున్న కార్మికుడికి మల్కాపురం. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. రామ్‌నగర్‌లో, హెల్త్ సిటీలో లేచిన అద్దాల మేడల సంగతి సరేసరి. ప్రతి పెద్ద సంస్థా తన మనుషుల కోసం తానొక ఆసుపత్రి కట్టుకుంది. ఏ సంస్థకూ చెందనివాళ్లు మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికే (కేజీహెచ్) వస్తారు. శ్రీకాకుళం నుంచీ, పాడేరు నుంచీ, సరిహద్దు దాటి కోరాపుట్, రాయగడ నుంచీ వస్తారు. 1923లో మొదలైన ఆ పెద్దాసుపత్రి ఈనాటికీ ఉత్తరాంధ్రకు చివరి దిక్కు.

ప్రజారోగ్యం మాటెత్తితే మనవాళ్ల చర్చ పడకల మీదికీ, భవనాల మీదికీ మళ్లుతుంది. హైదరాబాద్ నిమ్స్ తరహాలో రావాల్సిన విమ్స్ హనుమంతవాక దగ్గర ఏళ్ల తరబడి మొండిగోడలుగా ఉండి 2016లో తెరుచుకుంది. శంకుస్థాపన నాడు ఫొటో పడుతుంది, ప్రారంభోత్సవం నాడు ఇంకో ఫొటో. ఆ భవనంలో ఖాళీ పోస్టు నింపే అధికారం ఎవరి చేతిలో ఉందని మాత్రం ఎవరూ అడగరు, పత్రికల వాళ్లతో సహా. నా దృష్టిలో ఇక్కడి జబ్బు పడకల కొరత కంటే అధికారం ముక్కలు కావడం.

ఒక్క మిషన్ సంగతి చూడండి. పెద్దాసుపత్రిలో స్కానింగ్ మిషన్ మూలపడిందనుకుందాం. అక్కడ పెద్ద దిక్కు సూపరింటెండెంటే. ఆయన వైద్యుడు, ప్రొఫెసర్. పాలన పాఠం ఎవరూ చెప్పకుండానే ఆ కుర్చీలో కూర్చున్నారు. మిషన్ కొనిచ్చింది మంగళగిరిలో ఉన్న రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ (ఏపీఎంఎస్‌ఐడీసీ). దాన్ని నడిపే టెక్నీషియన్ పోస్టు నింపాలంటే వైద్య విద్య డైరెక్టరేట్ కదలాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధి ముట్టుకోవాలంటే కలెక్టర్ అధ్యక్షతన మీటింగు జరగాలి. కలెక్టరేట్ కేజీహెచ్‌కి నడిచి వెళ్లేంత దగ్గర. మీటింగు తేదీయే అంత దగ్గర్లో ఉండదు. ఈలోగా గది తలుపు మీద ‘మిషన్ పనిచేయుట లేదు’ అని కాగితం అంటిస్తారు. పేషెంటు తాలూకు మనిషి చీటీ పట్టుకుని కేజీహెచ్ డౌన్ దిగి ప్రైవేటు సెంటరుకు పోతాడు. విచారణ వేస్తే ఎవరి తప్పూ తేలదు. ఎవరి ఫైలు వాళ్లు కదిపారు మరి.

తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ పెట్టినప్పుడు ఒక తెలివైన పని చేసింది. ప్రతి ఆసుపత్రికీ ఇంత పద్దు అని పాసుబుక్కు ఇచ్చింది. బేరమాడి ధర కుదర్చడం సంస్థ పని. గోడౌన్‌లోంచి ఏ మందు, ఎంత తీసుకోవాలన్నది ఆసుపత్రి ఇష్టం. మందుల విషయంలో మనమూ ఆ దారిలో కొంత దూరం నడిచాం. మిషన్ల రిపేరుకూ, ఖాళీ పోస్టులకూ అలాంటి పాసుబుక్కు సూపరింటెండెంట్ చేతిలో లేదు.

ఇక డబ్బు దారి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకున్న ఇళ్లకు అది చేసిన మేలు చిన్నది కాదు. తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, చికిత్సల జాబితా పెరిగింది, పరిమితి 25 లక్షలకు చేరింది. బకాయి ఒక్కటే ఏ ప్రభుత్వంలోనూ మారలేదు. 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు తమకు రెండున్నర వేల కోట్లకు పైగా రావాలని చెప్పి సేవలు ఆపేశాయి. నెలాఖరుకు రాజీ కుదిరింది. ఆ మధ్యలో ఆపరేషన్ తేదీ వాయిదా పడినవాళ్ల గోడు ఏ లెక్కలోకీ రాలేదు.

ఆ గొడవకు ముందు నెలలోనే మంత్రివర్గం ఇంకో పద్ధతికి ఆమోదం తెలిపింది: రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వ ట్రస్టు. బీమా మనకు కొత్త కాదు, ఆరోగ్యశ్రీ తొలి అడుగు వేసిందే బీమా కంపెనీతో. ప్రీమియం వేళకు కట్టని ప్రభుత్వానికి బీమా కంపెనీ ఏ మేలూ చేయలేదు. కట్టే ప్రభుత్వమైతే ట్రస్టుకే వేళకు ఇవ్వొచ్చు కదా! పది మెడికల్ కాలేజీలను పీపీపీకి (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి) ఇవ్వడం మీద నడిచే రగడలోనూ అసలు ప్రశ్న ఎవరూ అడగరు. నర్సీపట్నం, పార్వతీపురం ఆ పదిలో ఉన్నాయి. అమ్మేశారని ఒక పక్షం, మీరు కట్టకుండా వదిలేశారని ఇంకో పక్షం. ఉచిత ఓపీలో డాక్టరు లేకపోతే నర్సీపట్నం మనిషి ఎవరి మీద ఫిర్యాదు చేయాలి, ఎన్నాళ్లలో జవాబు రావాలి అన్నది ఒప్పందంలో ఉందా? ఆ ప్రశ్న రెండు పక్షాలకూ అక్కర్లేదు.

అధికారం ముక్కలైతే ఏమవుతుందో ఈ ఊరు ఒకసారి గాలి పీల్చి తెలుసుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి వచ్చింది. సైరన్ మోగలేదు. పన్నెండు మంది పోయారు, వందల మంది కేజీహెచ్‌కి చేరారు. ట్యాంకును కంపెనీ చూడాలి, కంపెనీని ఫ్యాక్టరీల శాఖా కాలుష్య నియంత్రణ మండలీ చూడాలి. ఫలానా ఫ్యాక్టరీలో ఫలానా రసాయనం ఉంది, పీల్చినవాళ్లు వస్తే ఇలా చేయండని కేజీహెచ్ క్యాజువాల్టీకి ముందే చెప్పి ఉంచాల్సింది ఎవరు? ఆ పని ఏ ఒక్క కుర్చీకీ అప్పగించి లేదు. నాలుగేళ్ల తర్వాత, 2024 ఆగస్టు 21న, అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ఫార్మా పేలుడులో 17 మంది చనిపోయారు. రసాయనాల మధ్య ఇన్ని లక్షల మంది బతికే చోట, పరిశ్రమల లైసెన్సుల జాబితా, ఆసుపత్రుల కేసు షీట్లు ఒక్క బల్ల మీద కలిసే ఏర్పాటు ఉండాలి.

అప్పట్లో పెద్దగా ఎవరి కంటా పడని సంగతి ఇంకొకటుంది. గ్యాస్ కమ్మిన ఆ వార్డుకు ఆ రోజు కార్పొరేటర్ లేడు. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పాలకవర్గం గడువు 2012లో తీరిపోతే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు ఇంత పెద్ద నగరం ప్రత్యేకాధికారి సంతకంతో నడిచింది. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో ప్రజారోగ్యాన్ని పురపాలక సంఘాల పనుల్లో చేర్చి మూడు దశాబ్దాలు దాటింది. కేరళ 1996లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీలకు అప్పగించింది. అక్కడ మందులు లేకపోతే జనం నిలదీసేది వీధిలో తిరిగే పంచాయతీ ప్రెసిడెంటునే. థాయ్‌లాండ్ 2002లో అందరికీ వైద్యం అన్నప్పుడు ఉద్యోగుల పథకాల్లో లేని ప్రతి మనిషినీ ఇంటికి దగ్గరున్న ఆసుపత్రి గుంపులో నమోదు చేసి, తలకింత అని ఆ ఆసుపత్రికే డబ్బు పంపింది. సొమ్ము ఇచ్చే సంస్థను ఆరోగ్య శాఖ నుంచి విడదీసి, దాని బోర్డులో స్థానిక సంస్థల వాళ్లకూ చోటిచ్చింది. మన దగ్గర ఆరోగ్యశ్రీ డబ్బు ఆపరేషన్ బల్ల దాకా వచ్చినవాడి వెంటే వస్తుంది. బీపీ మాత్రకు రాదు, డయాలసిస్‌కు వస్తుంది.

గాజువాకలో కాంట్రాక్టు కార్మికుడి జీతం నెలకు 21 వేలు దాటితే ఈఎస్‌ఐ పరిధి దాటినట్టే. ఉక్కునగరం ఆసుపత్రి పర్మనెంటు ఉద్యోగిది. అతనికి మిగిలేది వార్డులో ఉండే అర్బన్ హెల్త్ సెంటర్. షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి దానికి తాళం పడి ఉంటే జ్వరం మాత్రకు మెడికల్ షాపు, ముదిరాక కేజీహెచ్. ఆ సెంటర్లో ఏ డాక్టరు ఏ వేళ ఉండాలో, మందుల పద్దు ఎంతో, అది అయిపోతే ఎవరు సంతకం పెట్టాలో వార్డు మనుషుల ఎదుట తేల్చాలి. కేజీహెచ్ సూపరింటెండెంట్‌కు కొంత మొత్తం దాకా రిపేర్లూ తాత్కాలిక నియామకాలూ తానే చేసుకునే అధికారం ఇచ్చి, ఆ ఖర్చు ప్రతి నెలా ఓపీ హాల్లో గోడ మీద పెట్టించాలి. దుర్వినియోగం అవుతుందంటారు. అవ్వొచ్చు. ఇప్పుడు అవనిదేముంది?

2021లో గెలిచిన కౌన్సిల్‌కు రాజ్యాంగం ఇచ్చిన గడువు అయిదేళ్లు. తర్వాత ఎవరు గెలిచినా తొలి సమావేశం అజెండాలో రోడ్లు, లైట్లు, బీచ్ రోడ్డు లీజులు ఎలాగూ ఉంటాయి. అర్బన్ హెల్త్ సెంటర్లలో సాయంత్రం ఓపీ ఎన్ని గంటల దాకా అన్న అంశాన్నీ అందులో చేర్చమని అడగాలి. దాన్ని చర్చకు పెట్టడానికి అమరావతి నుంచి జీవో రానక్కర్లేదు.