పాలు ఎవరు పోయించుకుంటారు?

ఊరి పేరులోనే కొండను పెట్టుకున్న ఎ.కొండూరు ఆడవాళ్ళం మేము. హిమాలయాల మీద మనసు పడ్డామంటే వింతేముంది? వింతల్లా ఒకటే. మా ఆడవాళ్ళ మధ్య ఈ మాట వచ్చినప్పుడల్లా డబ్బు సంగతి అరగంటలో తేలిపోతుంది. చీటీ పాడో, మామిడికాయల డబ్బు దాచో సర్దుకుంటారు. తేలనిది రోజుల లెక్క. "ఎనిమిది రోజుల్లో తిరిగొచ్చేటట్టయితే వెళ్ళు. పాలు ఎవరు పోయించుకుంటారు, పిల్లల క్యారేజీ ఎవరు కడతారు?" అంటారు ఇంట్లో. ఆ ఎనిమిదింట్లోనే ఎవరెస్టు బేస్ క్యాంపు చూసొచ్చెయ్యాలని వీళ్ళ ఉబలాటం!

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. బతిమాలితే గడువు సడలించడానికి కొండ మన చీటీలావిడ కాదు. లుక్లాలో విమానం దిగేసరికే 2,860 మీటర్ల ఎత్తు. బేస్ క్యాంపు 5,364. అక్కడ ఊపిరి పీలిస్తే అందే ప్రాణవాయువు మన ఊళ్ళో అందేదాంట్లో దాదాపు సగం. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు కిందటి రాత్రికన్నా 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కడం ఆపాలనీ వైద్యులు చెబుతారు. అందుకే నామ్చేలో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు ఆగమంటారు. మనవాళ్ళు ముందుగా కొట్టేసేది సరిగ్గా ఆ రెండు రోజులనే. ఊరికే కూర్చోవడానికి డబ్బు దండగట! తలనొప్పీ వాంతులూ మొదలైతే ఇక పైకి అడుగు వెయ్యకూడదు. నడకలో తూలు కనిపిస్తే అర్ధరాత్రయినా దిగిపోవలసిందే. దిగకపోతే ప్రాణమే పోవచ్చు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

"పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టే ఎక్కింది కదండీ!" అంటారు. ఎక్కింది, చల్లగా ఉండాలి. భువనగిరి గుట్ట మీదా, డార్జిలింగులోనూ శిక్షణ పొంది మరీ ఎక్కింది. ఎనిమిది రోజుల్లో ఇంటికి రమ్మని ఆ పిల్లకెవరూ గడువు పెట్టలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పదిహేను నెలలు! పాలు ఎవరు పోయించుకుంటారని ఆయన్ని అడిగినవాళ్ళున్నారా?

తొలిసారికి బేస్ క్యాంపు వద్దు తల్లులూ, పూన్‌హిల్ చాలు. విజయవాడలో రాప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్, అక్కణ్ణించి సునౌలి దాటి పోఖరా. పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు సరిపోతుంది. నడక నాలుగైదు రోజులు. పడక ఘోరేపానీలో, 3,000 మీటర్లలోపే. తెల్లవారుజామున 3,210 మీటర్ల దాకా ఎక్కితే ఎదురుగా ధవళగిరి, అన్నపూర్ణ. అక్టోబరు, నవంబరు మంచి నెలలు. గుడారాలు మొయ్యక్కర్లేదు. టీ హౌసులంటారు గానీ, అవి మన పూటకూళ్ళ ఇళ్ళే. పప్పూ అన్నం మారు వడ్డిస్తారు. పడుకున్నచోటే తినాలి, అది మర్యాద. గది అద్దె చౌక, తిండి మీదే వాళ్ళ బతుకు. పైకి పోయేకొద్దీ ధర పెరిగిందని బేరమాడకండి, ఆ బియ్యం మూట ఎవరో మోసుకొచ్చినదే. ఇక మోకాళ్ళ పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. రెండు నెలల ముందునుంచే మెట్లు ఎక్కి దిగండి.

ఇంకొక్క మాట, మన మండలం వాళ్ళకు ముఖ్యంగా. తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని మంచాన పడేసిందో మీకు నేను చెప్పాలా? బయలుదేరేముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఎత్తు పడడానికి వాడే డయామాక్స్ మాత్ర కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు పనికిరాదు. నొప్పుల బిళ్ళలూ వాళ్ళకు మంచివి కావు. పక్కావిడ బ్యాగులోంచి తీసిచ్చింది కదా అని ఏదీ మింగకండి, డాక్టరుగారిని అడగండి.

రానూపోనూ కలిపి దీనికే పన్నెండు రోజులు పడుతుంది. ఇంట్లో పధ్నాలుగని చెప్పండి. వాన పడితే ఆ రెండూ అక్కరకొస్తాయి. పడకపోతే పోఖరాలో ఫేవా చెరువు ఒడ్డున ఊరికే కూర్చోవచ్చు.