తల భద్రం!

ఎలాస్టో మేనియా అని ఓ పాత కంప్యూటర్ ఆట. హంగరీకి చెందిన బలాజ్ రోజా తయారుచేస్తే 2000లో వచ్చింది. బైకు మీద గుట్టలూ గుంతలూ దాటి, యాపిల్స్ అన్నీ ఏరుకుని, చివర్లో పువ్వును తాకాలి. అంతే!

చూడ్డానికి చిన్నపిల్లల ఆటే. కానీ బండి రబ్బరు బొమ్మలా సాగుతుంది, ఎగిరెగిరి పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా నొక్కామా, ముందు చక్రం లేచి వెనక్కి తిరగబడుతుంది. చక్రాలు నేలను ఎంత గట్టిగా గుద్దినా ఫర్వాలేదు. తల తగిలిందా, ఆట ఖతం!

మావాడికి పద్దెనిమిది నిండాయి, బండి కొనమంటున్నాడు. ముందు ఈ ఆట ఆడించాను. తెగ పడ్డాడు. యాక్సిలరేటర్ ఎప్పుడు వదలాలో తెలిశాకే పువ్వు దాకా వెళ్లగలిగాడు.

బండి కొంటాను, హెల్మెట్‌తో సహా. రోడ్డు మీద 'మళ్లీ మొదలు' మీట ఉండదు కదండీ!