చెయ్యి పట్టేంత జాగా

రెండేళ్ళ క్రితం చలికాలంలో, టొరాంటో దగ్గర మైనస్ 20 డిగ్రీల చలిలో నా పాత పికప్ ట్రక్కు మొరాయించింది. తీరా చూస్తే పోయింది ఫ్యూయల్ పంపు. పంపు ఉండేది పెట్రోలు ట్యాంకు లోపల, ట్యాంకేమో సామాను వేసే బెడ్ కింద. ట్యాంకు కిందికి దించాలి, లేదా బెడ్ పైకెత్తాలి. బెడ్‌ని పట్టి ఉంచేవి ఎనిమిది బోల్టులే. కానీ కెనడా రోడ్ల మీద ఏటా చల్లే ఉప్పు దాదాపు 50 లక్షల టన్నులు! ఐదు బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. వేడి చేద్దామంటే పక్కనే పెట్రోలు. చివరికి రంపంతో కోశారు. పంపు ఖరీదు కన్నా దాని దాకా వెళ్ళడానికైన ఖర్చే ఎక్కువ.

ఆ వేసవిలో వెల్డింగ్ తెలిసిన మిత్రుడితో కలిసి కొత్త అల్యూమినియం బెడ్ చేసుకున్నాం. సరిగ్గా పంపు నెత్తిన ఒక మూత పెట్టాం. అడ్డదూలాలు కొయ్యకుండా, వాటి మధ్య ఖాళీలోనే. నీళ్ళు దిగకుండా చుట్టూ ఎత్తు అంచు, రబ్బరు పట్టీ. అల్యూమినియమూ స్టీలు ఫ్రేమూ ఉప్పునీటిలో తగిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది కాబట్టి వాటి మధ్యా రబ్బరే. వెనక లైట్ల వైర్లకు ఊడదీసే ప్లగ్గు, బోల్టులన్నీ ఒకే సైజు. బరువూ ఖర్చూ కాస్త పెరిగిన మాట నిజం. ఫ్యాక్టరీ లెక్క వేరు: వాళ్ళకి బిగించడం సులువైతే చాలు, విప్పేవాడు ఆ లెక్కలో లేడు.

1990లో ఎగిరిన హబుల్ టెలిస్కోపుని విప్పేవాడిని తలచుకునే కట్టారు. 1993 నుంచి 2009 దాకా ఐదుసార్లు మన కెనడార్మ్‌తో పట్టుకుని బాగుచేశారు. పరికరాలు పెట్టెల్లా ఊడివస్తాయి. కానీ 2009లో ఒక పెట్టె లోపలి కార్డు మార్చాల్సి వచ్చింది. ఆ సంగతి ఎవరూ ముందు అనుకోలేదు. అంతరిక్షంలో, చేతికి తొడుగులతో, 111 చిన్న స్క్రూలు విప్పాల్సి వచ్చింది!

ఇంకొకరిని అనడమెందుకు? 2025 ఏప్రిల్ 1న నోవా స్కోషియాలో అమ్మకపు పన్ను 15 నుంచి 14 శాతానికి తగ్గింది. ఒక క్లయింటు దగ్గర నేనెప్పుడో రాసిన కోడులో ఆ 15 నాలుగు చోట్ల పాతుకుపోయి ఉంది. నేను అక్కడ లేను. కొత్తగా చేరిన కుర్రాడెవరో రాత్రంతా కూర్చుని తవ్వాడట. ఆ ఎనిమిది బోల్టులు బిగించింది నేనే.

అందుకే ఇప్పుడు డిజైన్ రివ్యూలో నాది ఒకటే ప్రశ్న: "ఇది చెడితే చెయ్యి ఎక్కడ పెట్టాలి? బొమ్మ మీద చూపించండి." చూపించలేకపోతే ఆ డిజైను ఇంకా పూర్తికానట్టే.