కోడ్ యంత్రం రాస్తుంది సరే, కౌలు రైతు సంగతి దానికెవరు చెబుతారు?

విశాఖ ఐటీ హిల్‌పై 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసలకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. అందుకు ప్రతిగా కంపెనీ ఇస్తామన్నవి 12 వేల ఉద్యోగాలు. మూడు నెలలు దాటగానే, జులైలో, అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 12 వేల మందికి పైగా ఉద్యోగుల్ని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయుల వారిపైనే వేటు పడింది. ఇందుకు ఏఐ కారణం కాదని, అవసరాలకు, నైపుణ్యాలకు పొంతన కుదరకపోవడమే కారణమని సీఈవో కృత్తివాసన్ చెప్పారు. ఆ మాటే నిజమనుకున్నా, ఎంపీసీ చదివించి, సీఎస్ఈలో సీటు తెచ్చుకుంటే పిల్లాడు గట్టెక్కినట్టేనని నమ్మిన ద్రాక్షారామం ఇంటికి దానివల్ల ధైర్యం రాదు.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఈ గోదావరి కాలువల కింద కౌలు చేసుకునే వారి ఇళ్లలోనూ ఇంజినీర్లు తయారయ్యారు. కాకినాడలోనో, సూరంపాలెంలోనో బీటెక్, ఆపైన అమీర్‌పేటలో ఒక కోర్సు. ముందు జావా, ఆ తర్వాత టెస్టింగ్ టూల్స్. గాలి ఎటు వీస్తే ఆ కోర్సు నేర్చుకున్నారు, ఉద్యోగాలూ వచ్చాయి. తొలి ఉద్యోగంలో పెద్ద బాధ్యతలేవీ ఉండేవి కావు. టెస్ట్ కేసులు రాయడం, చిన్న చిన్న బగ్‌లు సరిచేయడం, ఎవరో రాసిన పాత కోడ్‌ను చదివి అర్థం చేసుకోవడం. జీతం తీసుకుంటూ పని నేర్చుకున్న కాలం అది.

ఇప్పుడు యంత్రం ముందుగా చేజిక్కించుకుంటున్నది సరిగ్గా ఆ పనినే. గిట్‌హబ్ కోపైలట్ 2021లో వచ్చింది. గూగుల్‌లో కొత్తగా తయారవుతున్న కోడ్‌లో పావు వంతుకు పైగా ఏఐ రాస్తున్నదేనని, దాన్ని ఇంజినీర్లు పరిశీలించి ఆమోదిస్తున్నారని 2024 అక్టోబరులో సుందర్ పిచాయ్ చెప్పారు. పరిశీలించేవాడికి ఉద్యోగం ఉంటుంది. కానీ కొన్నేళ్లు తప్పులు చేసి, తిట్లు తిని, సరిదిద్దుకుంటేనే కదా ఎవరైనా పరిశీలించే స్థాయికి వచ్చేది! ఫ్రెషర్లను తీసుకోవడం మానేసే కంపెనీ పదేళ్ల తర్వాతి సీనియర్లను కూడా పోగొట్టుకుంటుంది. 99 పైసలకు భూమి ఇచ్చే ప్రభుత్వం మొత్తం ఉద్యోగాల లెక్కతో సరిపెట్టుకోకూడదు. వాటిలో ఏటా కాలేజీ నుంచి నేరుగా ఎందరిని తీసుకుంటారో అడిగి రాయించుకోవాలి.

కోచింగ్ సెంటర్లు బోర్డు మార్చి ‘ఏఐ కోర్సు’ అంటున్నాయి. నేర్చుకోవడంలో తప్పులేదు. అయితే ఆ టూల్స్ నెలల్లోనే మారిపోతున్నాయి. పైగా వాడటం కూడా రోజురోజుకీ తేలికవుతోంది. అందరికీ తేలికైన దానికి జీతం ఎంతకాలం ఇస్తారు?

ఉద్యోగంలో నిలబెట్టేది మరొకటి ఉంది, పనిని లోతుగా ఎరగడం. ధాన్యం కొనుగోలునే చూడండి. ప్రభుత్వానికి ధాన్యం అమ్మాలంటే పంట ఈ-క్రాప్‌లో నమోదు కావాలి. సర్వే నంబరు కొడితే రికార్డులో ఉన్న భూయజమాని పేరు వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఆ పొలం దున్నేది చాలాచోట్ల ఆ యజమాని కాదు, ఎకరాకు ఇన్ని బస్తాలని నోటిమాట మీద కౌలుకు తీసుకున్న రైతు. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి ఎక్కడ చేజారుతుందోనని ఆయన భయం. చివరికి పంట యజమాని పేరున ఎక్కితే, ధాన్యం డబ్బు పడేదీ ఆయన ఖాతాలోనే.

ఈ నమోదుకు ఫారం తయారుచేయమంటే ఏఐ నిమిషాల్లో చేసిపెడుతుంది. ‘రైతు పేరు’ అని ఒకే ఒక్క గడి పెడుతుంది కూడా. అక్కడ ఇద్దరు మనుషులున్నారని, వారి మధ్య కాగితం లేదని, సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలే దక్కకపోవచ్చని ఎవరో ఒకరు దానికి చెప్పాలి. కౌలు చేసే ఇంట్లో పెరిగిన పిల్లకు ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమె చదివిన నాలుగేళ్లలో ఏ సబ్జెక్టూ ఆ తెలివిని అడగలేదు. ఆసుపత్రి బిల్లింగైనా, రొయ్యల చెరువుల లెక్కలైనా, అమెరికా బీమా క్లెయిములైనా ఇంతే. పనిని లోతుగా ఎరిగి, యంత్రం రాసిచ్చిన దానిలో ఎక్కడ తేడా ఉందో పట్టుకోగలిగే మనిషి అవసరం తీరిపోలేదు.

మన కాలేజీలు ఈ ఒక్కదాన్నే వదిలేశాయి. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కోవడం రహస్యమేమీ కాదు. బైండింగ్‌తో సహా అమ్మే సెంటర్లున్నాయి. ఆ సంగతి విద్యార్థికీ తెలుసు, సంతకం పెట్టే లెక్చరర్‌కూ తెలుసు. కాకినాడ జేఎన్‌టీయూ తలచుకుంటే ఈ దందా ఆపగలదు. ప్రాజెక్టు చుట్టుపక్కల ఊళ్లలోని అసలు పనికి సంబంధించిందై ఉండాలని, వైవాలో ఆ పని చేసేవారు కూడా కూర్చోవాలని నిబంధన పెడితే చాలు. ద్రాక్షారామం రైతు సేవా కేంద్రం సిబ్బందినీ, ఒక కౌలు రైతునూ పిలవండి. కోడ్ ఏఐతో రాయించుకున్నా అభ్యంతరం పెట్టొద్దు. యజమాని చనిపోయి పొలం ఇంకా వారసుల పేరుకు మారనప్పుడు, అరిగిన వేళ్ల ముద్ర పడనప్పుడు, ఒకే సర్వే నంబరులో సగమే కౌలుకిచ్చినప్పుడు తన ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ఆ విద్యార్థి వాళ్లకు తెలుగులో చెప్పాలి. వాళ్లు అడిగినదానికి జవాబివ్వాలి. మార్కులు దానికే వేయాలి.